రెండుసార్లు లైట్

నవంబరు 4, మంగళవారం

పొద్దున మంచు దట్టంగా పడింది. ఆరు ఊళ్ళు తిరిగి పాలు ఎత్తేసరికి వేళ్ళు కొంకర్లు పోయాయి. చివరి ఊళ్ళో ముసలాయన గేదె తన్నిందని క్యాన్ ఆలస్యం చేశాడు. గేదె తన్నింది బకెట్‌ని, ఆయన్ని కాదు. అయినా కుంటుకుంటూ వచ్చాడు. మంచు విడిచాక, పోయిన టైం లాగుదామని కాస్త తొక్కాను.

వంతెన దగ్గర పోలీసులు ఆపారు. స్పీడ్ గన్. అరవై దాటకూడని చోట ఎనభై నాలుగు. కానిస్టేబుల్ ఆ అంకెని, అప్పుడే పుట్టిన బిడ్డని చూపించినట్టు, వంగి మరీ చూపించాడు. ఈ ఏడాదిలో ఇది రెండోసారి. ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో కనపడమని చీటీ రాశాడు.

చిల్లింగ్ సెంటర్‌కి లేటు. రెండు క్యాన్లు పులుపు తిరిగాయని పక్కన పెట్టేశారు.

అదే రోజు, సాయంత్రం

బావ లైట్ వేయలేదు.

పొద్దుట్నుంచీ ఇదే తిరుగుతోంది. ఇటుకబట్టీ మలుపులో ఎదురొచ్చాడు. మొదటి ట్రిప్పు టౌన్‌లో దింపి, ఖాళీ క్యాన్లతో రెండో లోడు కోసం అవతలి ఊళ్ళకి వెళ్తున్నాడు. అంటే వంతెన దాటే వచ్చాడు. జీపు అక్కడ కనబడేట్టే ఉంది. పోలీసుల్ని దాటి వచ్చినవాడు ఎదురొచ్చేవాడికి రెండుసార్లు లైట్ కొట్టాలి. పాలవ్యాన్ల వాళ్ళందరం చేసేదే. ముఖం తెలియని లారీవాడికి కూడా కొడతాం. నాకు ఆ సంగతి చెప్పింది కూడా బావే. అక్క పెళ్ళైన ఏడాది నాకు స్టీరింగ్ నేర్పుతూ, బ్రేక్ తర్వాత నేర్చుకోవాల్సింది ఇదేరా బామ్మర్దీ అన్నాడు.

ఈ రోజు లైటూ లేదు, చెయ్యి ఎత్తడమూ లేదు. కళ్ళు రోడ్డుకి అతికించుకుని బొమ్మలా వెళ్ళిపోయాడు. పొరపాటున మర్చిపోయినవాడు అలా బిగుసుకుని ఉండడు.

నవంబరు 5, బుధవారం

ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు. ఫ్యాన్ తిరుగుతోంది, గాలి గుమస్తాకి మాత్రమే వస్తోంది. నాకు రెండు దారులున్నాయన్నాడు. ఆరు నెలలు లైసెన్స్ వదులుకోవడం, లేకపోతే డ్రైవింగ్ క్లాసు, వరసగా మూడు ఆదివారాలు. ఒక్కటి మానినా లైసెన్స్ సస్పెండ్. నాకు నడపడం వచ్చండీ అన్నాను. అందుకే పిలిచారు, రానివాళ్ళు ఇంత స్పీడు వెళ్ళలేరు అన్నాడు.

అక్కణ్ణించి చిల్లింగ్ సెంటర్ మేనేజర్ దగ్గరికి వెళ్ళాను. లైసెన్స్ పోతే రూటు పోయినట్టేనని మొహం మీదే చెప్పాడు. ఒక్క పూట కూడా ఖాళీగా ఉంచలేడట. తర్వాత మాటవరసకి అన్నట్టు ఇంకో మాట అన్నాడు. మీ బావ పోయిన నెలలో వచ్చాడయ్యా, అల్లుడికి ఏదైనా రూటు ఉంటే చూడమన్నాడు అని.

ఏదైనా రూటు. ఈ సెంటర్‌కి ఉన్నవే రెండు రూట్లు. ఒకటి ఆయనది, ఒకటి నాది.

ఇంటికొచ్చి మా ఆవిడతో చెప్పాను. మీరు మెల్లగా వెళ్తే ఎవరూ లైట్లు కొట్టక్కర్లేదుగా అంది. పల్లెం ముందు పెట్టి ఇంకోటి కూడా అంది. అన్నయ్యగారు నోరు పారేసుకుంటారేమో గానీ కడుపులో ఏమీ పెట్టుకునే మనిషి కాదట. పెట్టుకోనివాడు మేనేజర్ దగ్గరికి నాకు తెలియకుండా ఎందుకు వెళ్ళాడు? పెరుగు వేసి వెళ్ళిపోయింది.

నవంబరు 8, శనివారం

టౌన్‌లో టీ కొట్టు దగ్గర బావ కనిపించాడు. నా భుజం పక్కనుంచే నడిచి వెళ్ళాడు. పలకరింపు లేదు. ముఖం చాటేస్తున్నాడు. బావా అని గట్టిగా పిలిచాను. అప్పుడు ఆగి, తల మొత్తం తిప్పి, కోడిలా చూశాడు. ఏరా బామ్మర్దీ నువ్వా అన్నాడు. నేను కాక ఇంకెవరు.

కొట్టులో అందరి ముందూ మొదలుపెట్టాడు. బడికి పంపిస్తున్నారటగా, పలకా బలపం కొన్నావా అన్నాడు. మధ్యలో ఆకలేస్తే ఏడవకు, టీచర్‌ని అడుగు అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రోజు మలుపులో లైట్ కొట్టలేదే అని అడుగుదామని నోటిదాకా వచ్చింది. బావ గ్లాసు కోసం బల్ల మీద చేత్తో తడిమాడు, నా కళ్ళలోకి చూడకుండా.

అడగలేదు. అడిగితే ఇంకో జోకు వేసి ఎగ్గొడతాడు. అప్పుడు నా దగ్గర ఏమీ మిగలదు.

నవంబరు 9, ఆదివారం

అక్క వ్యాన్‌లో ఎక్కుతోంది! తెల్లవారకముందే, మొదటి ట్రిప్పుకే. మలుపులో ఎదురైతే చూశాను. శాలువా కప్పుకుని బావ పక్కన కూర్చుంది. ఆగకుండా ఏదో మాట్లాడుతోంది. నేను చెయ్యెత్తితే తను ఎత్తింది. ఆయన ఎత్తలేదు.

ఇంజన్ శబ్దం, ఆడవాళ్ళ మాట, రెండూ ఒకేసారి వినలేనని పెళ్ళైన కొత్తలో అక్కని బస్సులో పంపినవాడు ఈయన. ఇప్పుడు రేడియో కూడా కట్టేసి ఈవిడ మాట వింటున్నాడు.

సాయంత్రం అక్క మా ఇంటికి పాలు పోయడానికొస్తే అడిగాను. మోకాళ్ళు పట్టేస్తున్నాయి, చల్లగాలికి తిరిగితే బావుంటోంది అంది. మోకాళ్ళ నొప్పికి వ్యాన్ ఎక్కి దిగడం మందా? నా వైపు చూడకుండా తువ్వాలు మడత పెట్టింది. మళ్ళీ విప్పింది. మళ్ళీ మడత పెట్టింది.

నవంబరు 11, మంగళవారం

మా అమ్మాయి అక్కతో గుమ్మం దగ్గర గుసగుసలాడుతోంది. నేను రాగానే ఇద్దరూ చలి గురించి మాట్లాడారు.

నవంబరు 16, ఆదివారం

మొదటి క్లాసు. చిన్నపిల్లల బడి గదిలో. బెంచీల్లోకి మోకాళ్ళు పట్టవు. గోడ మీద పళ్ళ బొమ్మలు, జంతువుల బొమ్మలు. పదకొండుమందిమి. నా పక్కన పళ్ళ డాక్టరు. ఆయనది తొంభై ఆరు. నా అంకె విని నన్ను చిన్నచూపు చూశాడు.

చెప్పే ఆవిడని అందరూ మేడమ్ అంటున్నారు. చాలా ఏళ్ళు బస్సు నడిపి రిటైరైందట. గొంతు ఇంకా వెనక సీటు దాకా వినబడేట్టే ఉంది. వచ్చీ రాగానే, మీరెవరూ నేరస్తులు కారు, అంతా తొందర ఉన్న పెద్దమనుషులు అంది. తర్వాత ఒక్కొక్కరూ ఎందుకు పట్టుబడ్డారో చెప్పమంది. డాక్టరు, కుర్చీలో పేషెంటు నోరు తెరుచుకుని కూర్చున్నాడండీ అన్నాడు. కొరియర్ కుర్రాడు ఫోన్ అరుస్తుందన్నాడు. ఒకాయన భార్య పక్కన కూర్చుని తిడుతోందన్నాడు. తిట్లు తొందరగా అయిపోతాయని తొక్కారా అని మేడమ్ అడిగింది.

నా వంతు వచ్చింది. ఎదురొచ్చినవాడు లైట్ కొట్టలేదు అన్నాను.

ఎవరూ నవ్వలేదు. సగంమంది తలలూపారు. మేడమ్ మాత్రం నా బెంచీ దగ్గరికి వచ్చింది. ఎదురొచ్చినాయన కొట్టి ఉంటే మీరు వంతెన దాకా మెల్లగా వెళ్ళి తర్వాత మళ్ళీ తొక్కేవారు, అంతేగా అంది. అంతే. అయితే ఆయన మీద మీకెందుకు కోపం అంది.

ఆయన మా బావ అన్నాను. అప్పుడు అందరూ నవ్వారు.

నవంబరు 18, మంగళవారం

ముసురు. క్యాన్ల మూతల మీద నీళ్ళు నిలిచాయి.

బావ ఇంటి గేటుకి అటూ ఇటూ ఉన్న రాళ్ళకి సున్నం కొట్టించాడు. దగ్గర్లో శుభకార్యం ఏమీ లేదు. వాకిట్లో వ్యాన్ పెట్టే చోట కూడా తెల్లగీత గీయించాడు. అల్లుడు వచ్చి ఇక్కడే ఉండబోతున్నాడు కాబోలు, రెండో వ్యాన్ పెట్టడానికి ఏర్పాటు అనుకున్నాను. మా ఆవిడతో అంటే, మీకు మంచం కింద కూడా మనిషి కనబడుతున్నాడు ఈ మధ్య అంది.

ఇంకోటి చూశాను. బావ వ్యాన్‌కి ఎడమవైపు అద్దం పగిలింది. తలుపు కింద సొట్ట. ముప్పై ఏళ్ళలో ఆయన బండికి నేను గీత చూడలేదు. ఏమైంది బావా అంటే, ఎవడో రివర్స్‌లో తగిలించాడురా అన్నాడు. ఎవడో అంటే ఎవడు? ఈ ఊళ్ళో బండ్లు నాలుగు.

పైగా ఆయన ఈ మధ్య ఊరేగింపులా నడుపుతున్నాడు. అందరూ మెచ్చుకుంటున్నారు. మీ బావని చూసి నేర్చుకో అని సెంటర్‌లో శాంపిల్ తీసే అబ్బాయి కూడా నాకు నీతులు చెప్పాడు. నన్ను వేగంగాడిలా నిలబెట్టడానికే మెల్లగా వెళ్తున్నాడు.

నవంబరు 19, బుధవారం

అక్క ఈ రోజూ ఎక్కింది.

నవంబరు 23, ఆదివారం, మధ్యాహ్నం

రెండో క్లాసు. ఇంకా మధ్యలోనే ఉన్నాను. టీ కోసం వదిలారు. ఇక్కడే రాసేస్తున్నాను.

మేడమ్ అందరికీ పాత పేపర్లు పంచింది. రెండు గొట్టాల్లా చుట్టి కళ్ళకి పెట్టుకోమంది. స్పీడు పెరిగేకొద్దీ కళ్ళు ఇలా అయిపోతాయి, ఎదురుగా ఉన్నదే కనబడుతుంది, పక్కలు పోతాయి, అది ఎలా ఉంటుందో చూడండి అంది. ఒకరు కుర్చీలో కూర్చోవాలి. ఇంకొకరు పక్కన నిలబడి రబ్బరు బంతి విసరాలి. డాక్టరు విసిరాడు. నాకు బంతి చెంపకి తగిలేదాకా తెలియలేదు. అందరూ పడీ పడీ నవ్వారు. కొరియర్ కుర్రాడికి ముక్కు మీద తగిలింది.

తర్వాత గొట్టాలతోనే బెంచీల మధ్య నడవమంది. రెండడుగులకే మోకాలు కొట్టుకుంది. పక్కన ఎవరో నా పేరు పెట్టి పిలిచారు. ఎవరో తెలియక తల మొత్తం తిప్పి చూశాను.

కోడిలా.

అక్కడే ఆగిపోయాను. గొట్టాలు తియ్యలేదు. మేడమ్ బాగానే ఉన్నారా అని అడిగింది. నేను బల్ల మీద చేత్తో తడుముతున్నానట, గ్లాసు వెతుకుతున్నట్టు.

నవంబరు 24, సోమవారం

మంచు లేదు. వెలుతురు బాగా ఉంది. ఆ మాట ముందే రాసుకుంటున్నాను, తర్వాత మంచు మీదికి తోయకుండా.

బట్టీ గోడ వెనక వ్యాన్ ఆపి, మలుపులో ఎడమ పక్కన నిలబడ్డాను. రోడ్డుకి రెండడుగుల దూరం. చేతిలో క్యాన్ మూత. ఎండకి మెరుస్తోంది. బావ వ్యాన్ వచ్చింది. మూత పైకెత్తి ఊపాను.

బావ ఎదురుగా చూస్తూ వెళ్ళిపోయాడు. అక్క చూసింది. నన్ను చూసి, మూతని చూసి, నోరు ఒక్క క్షణం ఆగింది. తర్వాత మళ్ళీ ముందుకు తిరిగి మాట్లాడటం మొదలుపెట్టింది.

ఆవిడ కబుర్లు చెప్పడం లేదు.

ఆ రోజు ఆయన నన్ను కావాలని పట్టించలేదు. పోలీసులు ఆయనకీ కనబడలేదు. ఇది తెలిశాక కోపం పోవాలి. పోలేదు. ఎందుకంటే రెండో ట్రిప్పులో రోజూ మా అమ్మాయి ఆ వ్యాన్‌లోనే టౌన్‌కి వెళ్తోంది, నర్సింగ్ క్లాసులకి. నేను తెల్లవారకముందే పోతాను కాబట్టి ఏడాదిగా మామయ్యతోనే పంపుతున్నాను. తలుపు పక్కన కూర్చుంటుంది. ఆ సొట్ట ఉన్న తలుపు.

నవంబరు 25, మంగళవారం

అమ్మాయిని అడిగాను. నాకేం తెలియదు నాన్నా అంది. మామయ్యకి పక్క చూపు లేదు కదూ అన్నాను. పుస్తకం మూసింది. అత్త ఒట్టు వేయించుకుంది అంది.

తర్వాత అంతా చెప్పింది. వేసవి నుంచీ ఇలాగే ఉందట. అత్త పక్కన కూర్చుని రోడ్డు చదువుతుందట. ఎడమ పక్క సైకిలు. ముందు గేదెలు, మూడు, నాలుగోది ఆలోచిస్తోంది. ఇప్పుడు ఖాళీ. కుడివైపు ఆ తాగుబోతు, హారన్ కొట్టు. మామయ్య ఊఁ కొడుతూ నడుపుతాడట. అత్తకి దగ్గొస్తే అమ్మాయి అందుకుంటుందట. మామయ్య నీకంటే బాగా నడుపుతాడు నాన్నా, నువ్వు రెండు కళ్ళతో చలాన్లు తెచ్చుకుంటున్నావు అంది.

మరి అద్దం ఎలా పగిలిందే అన్నాను. బడి గోడ దగ్గర, అంది. గోడేగా అంది. బడి గోడ పక్కన ఏముంటుందో నేను అడగలేదు, అది చెప్పలేదు.

రేపట్నుంచి బస్సులో వెళ్ళు అన్నాను. బస్సుకి వెళ్తే మొదటి క్లాసు పోతుందంది. పోనీ అన్నాను. నర్సుకి చదివేదానివి, నువ్వు చూస్తూ ఎలా ఊరుకున్నావే అన్నాను. ఏడవలేదు. చెప్పాను నాన్నా, ఆసుపత్రికి వెళ్దామని చాలాసార్లు చెప్పాను, వెళ్తే బండి దింపేస్తారని మామయ్య వెళ్ళట్లేదు అంది.

నవంబరు 26, బుధవారం

అమ్మాయి బస్సెక్కింది. సాయంత్రానికి అక్క వచ్చింది.

కూర్చోలేదు. నిలబడే మాట్లాడింది. మలుపులో మూత పట్టుకుని నిలబడ్డావే, నీ బావకి పరీక్ష పెట్టడానికా అంది. వచ్చే నెలాఖరుకి అల్లుడికి లైసెన్స్ వస్తుంది, రూటు పేరు మార్పించి ఈయన దిగిపోతాడు, అప్పటిదాకా నోరు మూసుకోరా తమ్ముడూ, నీకు దణ్ణం పెడతా అంది. ముందే తెలిస్తే రూటు బయటివాడికి పోతుందట. మేనేజర్‌ని అల్లుడికి అడిగింది బావ సొంత రూటేనట. దిగిపోతానని చెప్పకుండా ఎలా అడగాలో తెలియక అలా అడిగాడట.

నేను పిల్ల సంగతి ఎత్తాను. నా కళ్ళు పెట్టుకుని కూర్చుంటున్నానురా, నీ పిల్ల నాకు పరాయిదా అంది. నీ కళ్ళున్నది అక్కడ, బ్రేకున్నది ఇంకో చోట అన్నాను. అక్క మొహం మాడిపోయింది. తొక్కింది నువ్వు, పట్టుబడింది నువ్వు, నెల రోజులుగా మా ఆయన మీద పళ్ళు నూరుతున్నది నువ్వు అంది. మా ఆవిడ నీళ్ళు తెచ్చి ఇచ్చింది. వదినా కూర్చో అంది. తాగకుండా వెళ్ళింది.

నవంబరు 27, గురువారం

బడి గోడ మీదుగా వెళ్ళాను. రాళ్ళు రెండు పడిపోయి ఉన్నాయి. దాని పక్కన పిల్లలు సైకిళ్ళు పెట్టుకునే చోటు.

నవంబరు 29, శనివారం

మేడమ్ చివరి క్లాసుకి మనం బండి నడిపేటప్పుడు పక్కన కూర్చునే మనిషినొకర్ని తీసుకురమ్మంది. అది ఆవిడ పద్ధతట. వాళ్ళు చెప్పే సంగతులు మనం చెప్పమట.

మా ఆవిడ తలంటుకుని చీర తీసి పెట్టుకుంది. నేను బావని అడిగాను.

వెంటనే ఒప్పుకున్నాడు. నిన్ను బెంచీ ఎక్కించడం కళ్ళారా చూడాలిరా అన్నాడు. కళ్ళారా అన్నాడు. అక్క వంటింట్లోంచి విని వచ్చింది. తనూ వస్తానంది. ఒక్కరికే రానిస్తారు అన్నాను. అక్క నా మొహం వెతికింది. ఏమీ దొరకనివ్వలేదు.

మా ఆవిడ చీర మళ్ళీ బీరువాలో పెట్టింది. ఎందుకని అడగలేదు. బంతి సంగతి తనకి చెప్పి ఉన్నాను.

నవంబరు 30, ఆదివారం

మూడో క్లాసు. బావ ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. గది గుమ్మం భుజానికి తగిలింది. పిల్లల బడి, నాలాంటి పెద్దమనుషులకి కట్టలేదు అన్నాడు. గది మొత్తాన్ని రెండు నిమిషాల్లో చేతిలో పెట్టుకున్నాడు. డాక్టర్ని, నోరు తెరిచేది పేషెంటా బిల్లు చూసిన వాళ్ళావిడా అని అడిగాడు. డాక్టరుగారి భార్య కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వింది. నా గురించి అడిగితే, వీడికి నేనే నేర్పాను, తప్పంతా నాదే, శిక్ష వీడికేశారు అన్నాడు.

మేడమ్ బంతి ఆట మళ్ళీ పెట్టింది. వచ్చినవాళ్ళు కూడా చూడాలని. బావ కుర్చీలో కూర్చున్నాడు. పేపర్ గొట్టాలు ఇవ్వబోయింది. ముందు ఒకసారి గొట్టాలు లేకుండా వేద్దామండీ అన్నాను. నేనే అన్నాను. బంతి నేనే తీసుకున్నాను.

ఎడమనుంచి విసిరాను. భుజానికి తగిలి పడింది. అందరూ నవ్వారు. బావ కూడా నవ్వి, బామ్మర్దికి గురి లేదండీ అన్నాడు. కుడినుంచి విసిరాను. చెవికి తగిలింది. నవ్వారు. బావ వేషాలు వేస్తున్నాడనుకున్నారు. మళ్ళీ ఎడమనుంచి. ఈసారి బావ, బంతి రాకముందే, గాల్లోకి చేతులు చాపాడు. అక్కడ ఏమీ లేదు.

నవ్వు మెల్లగా ఆగింది. మొదట మేడమ్‌ది, తర్వాత డాక్టరుది. కొరియర్ కుర్రాడు ఒక్కడే ఇంకొంచెంసేపు నవ్వి, చుట్టూ చూసి మానేశాడు.

బావ చేతులు దించాడు. తల మొత్తం తిప్పి, నేనున్న చోటు వెతికి, నన్ను చూశాడు. ఇంకొకటి వేస్తావా అన్నాడు.

బంతి మేడమ్‌కి ఇచ్చేశాను. ఆవిడ బావ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, రెండు వేళ్ళు చూపించి పక్కలకి జరుపుతూ, కనబడనప్పుడు చెప్పమంది. చాలా తొందరగా చెప్పాడు. కంట్లో ప్రెషర్ అయ్యుండొచ్చండీ, మా డిపోలో ఒకాయనకి ఇలాగే, పోయింది రాదు గానీ ఉన్నది నిలుపుకోవచ్చు, సిటీలో చూపించుకోండి అంది. బస్సులో వెళ్ళండి అని కూడా అంది.

నాకు సర్టిఫికెట్ ఇచ్చారు. చప్పట్లు కొట్టారు. బావ కూడా కొట్టాడు.

అదే రోజు, సాయంత్రం

దారంతా యాభైలో వచ్చాను. వంతెన దిగాక బావ అన్నాడు. ఆ రోజు నువ్వు పట్టుబడ్డావని సెంటర్‌లో చెప్తే, ఎక్కడ అని అడిగానురా. వంతెన దగ్గర అన్నారు. వంతెన మీద జీపు ఉందా అని నేనే అడిగాను వాళ్ళని. ఆ మర్నాటినుంచే మీ అక్కని ఎక్కించుకున్నాను అన్నాడు. అమ్మాయి వేసవి నుంచీ అంది. ఈయన ఆ మర్నాటి నుంచీ అంటున్నాడు. ఎవరి లెక్క నిజమో తెలియదు. ఇప్పుడు కూడా అనుమానమే నాకు.

దిగేముందు ఇంకో మాట అన్నాడు. ఇంట్లో అడిగుంటే సరిపోయేదిరా. పదిమందిలో బంతి విసరక్కర్లేదు.

అడిగితే జోకు వేసేవాడివి బావా అన్నాను.

వేసేవాణ్ణే అన్నాడు. తలుపు మూసేముందు తడిమి, చొక్కా అంచు ఇరుక్కోలేదని చూసుకుని మూశాడు.

పిల్ల కోసమే తీసుకెళ్ళాను. అలా అని రాసుకుంటున్నాను.

డిసెంబరు 1, సోమవారం

నేను సెంటర్‌కి వెళ్ళేసరికే బావ వ్యాన్ తాళాలు మేనేజర్ టేబుల్ మీద ఉన్నాయి. వ్యాన్లు సెంటర్‌వే. నడిచి వచ్చి ఇచ్చాడట, అక్క చెయ్యి పట్టుకుని. కారణం అడిగితే, చూసింది చాలు అన్నాడట. మేనేజర్ దాన్ని జోకనుకున్నాడు. ఇంకా నవ్వుతూనే చెప్పాడు నాకు.

అల్లుడికి లైసెన్స్ వచ్చేదాకా ఆ రూటు ఆపమని అడిగాను. నెల రోజులు ఎవరాపుతారయ్యా అన్నాడు. ఆ లోడు కూడా నేనే ఎత్తుతాను, రెండూ తిరుగుతాను అన్నాను. నీ సర్టిఫికెట్ మీద సిరా ఆరలేదు, రెండు రూట్లు తిరగాలంటే ఎంత స్పీడు కావాలో తెలుసా అన్నాడు.

తెలుసు.

మధ్యాహ్నానికి ఒక పొడుగాయన వచ్చి తాళాలు తీసుకుని, బావ వాకిట్లోంచి వ్యాన్ తెచ్చాడు. సీటు వెనక్కి జరుపుకున్నాడు. అక్క కూర్చునే చోట టిఫిన్ డబ్బా పెట్టుకున్నాడు.

డిసెంబరు 3, బుధవారం

పొడుగాయన మలుపులో ఎదురైతే చెయ్యెత్తాను. ఆయనకి ఇంకా అలవాటు లేదు.

అక్క ఇంటికి వెళ్ళాను. అక్క లోపలే ఉండి లేనని పక్కింటావిడతో చెప్పించింది. గేటు రాళ్ళ సున్నం వానకి కొంచెం పోయింది. సిటీలో కంటి ఆసుపత్రికి వెళ్తున్నారనీ, శుక్రవారం పొద్దున ఆరుంపావు బస్సుకనీ మా అమ్మాయి చెప్పింది. తనే మాట్లాడి పెట్టిందట. ఎన్నాళ్ళు ఉంటారంటే, తెలియదు నాన్నా అంది. బస్టాండుకి తీసుకెళ్తానని చెప్పమన్నాను. చెప్పింది. వద్దన్నారట.

ఎవరు వద్దన్నారని అడిగాను. ఇద్దరూ అంది.

డిసెంబరు 5, శుక్రవారం

మంచు. ఆరు ఊళ్ళ పాలు ఎత్తాను.

మలుపులో సిటీ వైపు వెళ్ళే బస్సు ఎదురొచ్చింది. రెండుసార్లు లైట్ కొట్టాను. డ్రైవర్ స్పీడు తగ్గించి చెయ్యెత్తాడు. నా వెనక పోలీసులెవరూ లేరు.

అది ఆరుంపావు బస్సు. అక్కా బావా అందులో వెళ్ళారు.